కిటికీ లేకుండా ఆ వెలుతురు ఎక్కడిది?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పదిహేడవ శతాబ్దపు డచ్చి చిత్రకళ గురించి ఒక వ్యాసం వచ్చింది. తెలుగు పత్రికల్లో యోహానెస్ వెర్మీర్ పేరు కనిపించడమే అరుదు కనుక ఎంతో ఆశగా చదివాను. వ్యాసంతోపాటు అతడు చిత్రించిన 'పాలు పోస్తున్న స్త్రీ'ని రంగుల్లో వేశారు. అయితే పేజీలో చోటు చాలకనో, ఆమె ముఖం పెద్దగా కనిపించాలనో, బొమ్మకు ఎడమ పక్కనున్న కిటికీని పూర్తిగా కోసేసి గోడనూ మనిషినీ మాత్రం ఉంచారు. వ్యాసకర్త ఆ చిత్రం 'ఫొటో తీసినట్టు' ఉందన్నారు, 'సూర్యకిరణాలు' పడి ఆమె మెరిసిపోతోందన్నారు, కథంటూ ఏమీ లేని మామూలు వంటింటి దృశ్యమని ముగించారు. ముప్పై ఏళ్ళ పాటు ఉన్నత పాఠశాలల్లో పిల్లలకు డ్రాయింగు నేర్పినదానిగా చెబుతున్నాను, ఈ మూడు మాటలూ, ఆ కత్తిరింపూ ఒకే పొరపాటులోంచి పుట్టాయి. వెలుతురును బొమ్మ పూర్తయ్యాక పైన పూసిన మెరుగుగా అనుకోవడమే ఆ పొరపాటు. ఆ గదిలో పాలు పోస్తున్న స్త్రీ ఎంత పని చేస్తోందో, వెలుతురూ అంత పని చేస్తోంది.

కొన్నేళ్ళ క్రితం మా అమ్మాయి పురిటికి నెదర్లాండ్స్ వెళ్ళి ఒక శీతకాలం అక్కడ ఉన్నప్పుడు, ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఆ చిత్రాన్ని కళ్ళారా చూశాను. అచ్చుల్లో చూసి చాలా పెద్దదనుకున్న ఆ బొమ్మ నిలువు 45.5 సెంటీమీటర్లు, అడ్డం 41 సెంటీమీటర్లు మాత్రమే. మన ఇళ్ళలో గోడకు తగిలించుకునే దేవుడి పటం కన్నా పెద్దదేమీ కాదు. అంత చిన్న బొమ్మలో పట్టిన గది, ఎదుట నిలబడిన నాకు నేను పుట్టి పెరిగిన వంటగదిలాగే లోతుగా, నిండుగా తోచింది. ఆ అనుభవం ఉంది కాబట్టే కిటికీ పోయిన ఆ అచ్చును చూసి ఊరుకోలేకపోయాను.

ఎడమ గోడలో, చిన్న చిన్న గాజు పలకలను సీసపు పట్టీలతో బిగించిన కిటికీ ఉంది. అందులో ఒక పలక పగిలి ఉంది. అంత చిన్న లోపాన్ని కూడా వెర్మీర్ చూసీ చూడనట్టు వదిలెయ్యలేదు. కిటికీ పక్కన అల్లిక బుట్ట ఒకటి, మెరిసే లోహపు పాత్ర ఒకటి వేలాడుతున్నాయి. కిటికీకి ఆనుకొని ఉన్న ఆ మూల నీడలో ఉంటుంది. ఎదుటి గోడ మాత్రం కుడివైపుకు పోయేకొద్దీ తెల్లబడుతుంది. ఇప్పుడు ఆ స్త్రీని చూడండి. కిటికీ వైపున్న ఆమె భుజం, నుదురు, చెయ్యి వెలుతురులో ఉన్నాయి. వాటి వెనక గోడ మసకగా ఉంది. మనకు కుడివైపు కనిపించే ఆమె భుజం, నడుము నీడలో ఉన్నాయి. వాటి వెనక గోడ తెల్లగా ఉంది. మసక మీద తెలుపును, తెలుపు మీద మసకను ఇలా ఎదురెదురుగా నిలిపిన లెక్క వల్లనే ఆ మనిషి గోడకు అతుక్కుపోకుండా, చుట్టూ గాలి ఆడేంత చోటుతో నిలబడగలిగింది. అది కూడా చాలదనుకొని, నీడలో ఉన్న ఆ అంచు వెంట సన్నటి తెల్లని గీత ఒకటి లాగాడు. బల్లమీది రొట్టెల మీదా బుట్ట అంచుల మీదా వెలుతురును చిన్న చిన్న చుక్కలుగా అద్దాడు. ఎండిన రొట్టె నిజానికి అలా మెరవదు. ఖాళీగా కనిపించే గోడమీద మేకు ఉంది, మేకుకు నీడ ఉంది, పాత మేకులు ఊడదీసిన చిల్లులున్నాయి, మాసిన మరకలున్నాయి. తరగతిలో ఈ బొమ్మను చూపినప్పుడల్లా పిల్లల చేత నోటు పుస్తకంతో ఎడమ పక్కను కప్పించేదాన్ని. కప్పగానే గోడ వట్టి మాసిన కాగితమైపోయేది, మనిషి దానిమీద అంటించిన బొమ్మ అయిపోయేది. తీయగానే గది తిరిగి వచ్చేది. మీ అనుబంధంలో అచ్చయింది ఆ కప్పి ఉంచిన బొమ్మే.

'సూర్యకిరణాలు' అన్న మాట దగ్గర ఇంకొంచెం ఆగుతాను. వెర్మీర్ పుట్టి, బతికి, పోయిన డెల్ఫ్ట్ పట్టణం భూమధ్యరేఖకు ఉత్తరాన 52 డిగ్రీల దగ్గర ఉంది. డిసెంబరు చివర్లో అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతానికి పైన 15 డిగ్రీల ఎత్తు కూడా ఎక్కడు. అదే రోజున మా బందరులో 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు. మనకు వెలుతురు నడినెత్తిమీది నుంచి, మండువాలోంచి, పెంకుల సందుల్లోంచి దిగుతుంది. ఎండను ఆపడానికి కిటికీ రెక్కలు మూసుకుంటాం. అక్కడ వెలుతురు పక్కనుంచి, దాదాపు బల్లకు సమాంతరంగా వచ్చి, ముఖానికి ఒక వైపు, కూజాకు ఒక వైపు, రొట్టెకు ఒక వైపు మాత్రమే తగులుతుంది. ఏ వస్తువుకు చూసినా ఒక వెలుగు పక్క, ఒక నీడ పక్క ఏర్పడతాయి. ఇళ్ళు వీధివైపు ఇరుకుగా, లోపలికి పొడవుగా ఉండటం వల్ల ఆ వెలుతురును ఇంట్లోకి తెచ్చుకోవడానికి పొడవాటి కిటికీలు పెట్టుకున్నారు, వాటి కింది సగానికి చెక్క రెక్కలు అమర్చుకున్నారు. కింది రెక్కలు మూసి పై భాగం మాత్రం వదిలితే వెలుతురు ఎత్తునుంచి మెల్లగా దిగుతుంది. వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉన్న 'తక్కెడ పట్టుకున్న స్త్రీ' చిత్రంలో వెర్మీర్ సరిగ్గా అలాంటి వెలుతురునే వాడాడు. ఆ తక్కెడ పళ్ళాల్లో బంగారమో ముత్యాలో ఉన్నాయని చాలాకాలం రాశారు. సూక్ష్మదర్శినితో పరీక్షించినప్పుడు అవి ఖాళీ పళ్ళాలని, మెరుస్తున్నది వాటిమీద పడిన వెలుతురు చుక్కలేనని తేలింది. చిత్రకళ గురించి చదివిన సంగతుల్లో నన్ను ఇంతగా కదిలించినవి కొద్ది.

మన భాషలో 'ఎండ' వేరు, 'వెలుతురు' వేరు. వంటింట్లో ఎండ పడకపోయినా వెలుతురు ఉంటుందని, వరండాలో ఎండ తగిలినా మూలన వెలుతురు చాలదని మనం రోజూ అనుకునే మాటలే. ఈ తేడా తెలిసిన వాళ్ళం కనుక డచ్చి గృహచిత్రాలను చూడటానికి మనకు మంచి సాధనమే ఉంది. పాలు పోస్తున్న స్త్రీ ఉన్న గదిలో ఎండ లేదు. నేలమీద గానీ గోడమీద గానీ ఎక్కడా కిటికీ ఆకారంలో ఎండ ముక్క పడలేదు. అక్కడ ఉన్నదంతా మేఘం చాటు ఆకాశం నుంచి వడకట్టుకొని వచ్చిన వెలుతురు. ఎండ చూడాలంటే అదే ఊళ్ళో, అదే కాలంలో పనిచేసిన పీటర్ డి హోక్ దగ్గరికి వెళ్ళాలి. వ్యాసంలో అతని పేరు ఒక్కసారి కూడా రాలేదు, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తున్నాను.

డి హోక్ 1629లో రోటర్‌డామ్‌లో పుట్టాడు. తండ్రి ఇటుకలు పేర్చే తాపీ మేస్త్రి, తల్లి మంత్రసాని. ఇటుకను అంత ప్రేమగా, ఒక్కొక్క వరుస లెక్కపెట్టినట్టుగా చిత్రించిన వాడు మేస్త్రి కొడుకు కావడం నాకు ఎంతో సహజంగా అనిపిస్తుంది. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న 'డెల్ఫ్ట్ ఇంటి పెరడు' చిత్రం మీద 1658 అని అతడే వేసుకున్నాడు. పెరట్లో ఒక స్త్రీ చిన్నపిల్ల చెయ్యి పట్టుకొని వస్తోంది, నేలమీద చీపురు పడి ఉంది, పక్కన ఇటుకల కమాను కింద నడవ ఉంది, ఆ నడవ చివర మరో స్త్రీ మనకు వీపు చూపించి వీధి వైపు చూస్తోంది. పెరడు, నడవ, వీధి మూడింటికీ మూడు రకాల వెలుతురు. ఇలా ఒక గుమ్మంలోంచి ఇంకో గుమ్మం, దానిలోంచి అవతలి వెలుగు కనిపించేలా చేసే అమరికకు డచ్చి భాషలో 'డోర్‌కైక్యె' అన్న ముద్దుపేరు కూడా ఉంది. వీధి గుమ్మంలో నిలబడితే వరుసగా తలుపులన్నీ దాటి పెరటి బావి దాకా కనిపించే ఇళ్ళలో పెరిగిన వాళ్ళకు ఇది వివరించనక్కరలేదు.

అతనిదే మరొక చిత్రం రైక్స్ మ్యూజియంలో ఉంది. తల్లి కూర్చొని ఉంటుంది, పిల్ల ఆమె ఒడిలో తల పెట్టి మోకాళ్ళమీద ఒదిగి ఉంటుంది, తల్లి ఆ తలలో పేలు చూస్తోంది. వెనక గోడలో బిగించిన పెట్టె మంచం, దానికి తెరలు. ఇంకొక పక్క పసిపిల్లలను దొడ్డికి కూర్చోబెట్టే చెక్క కుర్చీ. గుమ్మానికి అవతలి గదిలో ఎండ నేలమీద పరుచుకొని ఉంది, ఒక చిన్న కుక్క మనకు వీపు పెట్టి అటు చూస్తోంది. తల్లీ బిడ్డా ఇవతల మసకలోనే ఉన్నారు. పేలు చూడటానికి పట్టేంత ఓపికతో, అంత తీరికగా ఆ ఎండ కూడా అక్కడ పడి ఉంది. పేలు చూడటం బొమ్మ గీయదగిన విషయమని మన పాఠ్యపుస్తకాలు ఏనాడూ పిల్లలకు చెప్పలేదు. మధ్యాహ్నం పూట అరుగుమీద అమ్మ ఒడిలో తల పెట్టుకున్న ప్రతి ఆడపిల్లకూ ఈ చిత్రంలోని నిశ్శబ్దం తెలుసు. డి హోక్ 1660 ప్రాంతంలో ఆమ్‌స్టర్‌డామ్‌కు మారాడు. 1663లో వేసిన బట్టల బీరువా చిత్రంలో, ఇద్దరు స్త్రీలు మడతపెట్టిన బట్టలు సర్దుతుండగా గుమ్మం దగ్గర పిల్ల ఆటకర్రతో ఆడుకుంటూ ఉంటే, అవతల కాలువ ఒడ్డు ఇళ్ళు ఎండలో వెలుగుతుంటాయి. ఆ తర్వాత గదులు పెద్దవయ్యాయి, పాలరాళ్ళు వచ్చాయి, మనుషులు పట్టు కట్టారు. వెలుతురు మాత్రం తగ్గింది. డెల్ఫ్ట్‌లో గీసిన ఆ కొద్ది పెరళ్ళకూ గదులకూ తర్వాతి గొప్పింటి బొమ్మలు సాటి రావని నా అభిప్రాయం.

ఇక 'ఫొటో తీసినట్టు' అన్న మాట. వెర్మీర్ కెమెరా అబ్స్‌క్యూరా వాడి ఉంటాడా అన్నది పండితుల మధ్య చాలాకాలంగా నడుస్తున్న వాదం. తలుపులన్నీ మూసిన పెంకుటింట్లో చిన్న కంతలోంచి వీధి బొమ్మ తలకిందులుగా ఎదుటి గోడమీద పడటం మనలో చాలామంది చిన్నప్పుడు చూశాం. ఆ పరికరం సూత్రం అంతే. అతడు దాన్ని చూసి ఉండవచ్చు, దానిలో కనిపించిన మెరుపు చుక్కలు అతనికి నచ్చి ఉండవచ్చు. అయితే అతడు చనిపోయాక 1676లో ఇంటి సామాను జాబితా రాసినప్పుడు, అందులో బొమ్మలు నిలబెట్టే చట్రాలు, రంగుపలకలు, కాన్వాసులు ఉన్నాయి గానీ అలాంటి పరికరమేదీ లేదు. అతని చిత్రాలే చెప్పే సాక్ష్యం ఇంకొకటి ఉంది. పదికి పైగా చిత్రాల్లో, గీతలన్నీ వెళ్ళి కలిసే బిందువు దగ్గర సూది గుచ్చిన చిల్లు దొరికింది. అక్కడ సూది గుచ్చి, దానికి సుద్దపొడి పట్టించిన దారం కట్టి, బిగలాగి వదిలితే కాన్వాసు మీద తిన్నని గీత పడుతుంది. వడ్రంగులు చెక్కమీద రంగుదారం కొట్టే పద్ధతే ఇది. పాలు పోస్తున్న స్త్రీ కుడిచేతికి కాస్త పైన అలాంటి చిల్లు ఉంది. బల్ల, కిటికీ గీతలు మన చూపును పాలు వంచుతున్న ఆ చేతి దగ్గరికే తెస్తాయి. దారం కొట్టి గదిని కట్టిన మనిషి పనిని ఒక్క మీట నొక్కితే పడిన బొమ్మతో పోల్చడం అతని చేతికి అన్యాయం చేయడమే.

ఇంకొక ఆధారం 2022లో బయటపడింది. రైక్స్ మ్యూజియం పరిశోధకులు ఆధునిక యంత్రాలతో రంగుల పొరల కిందికి చూసినప్పుడు, పాలు పోస్తున్న స్త్రీ తల వెనక గోడమీద కూజాలు తగిలించే చెక్క పలక, కింద కుడిమూల నిప్పుల బుట్ట వెర్మీర్ మొదట వేసుకున్నాడని, తర్వాత తానే వాటిని కప్పేశాడని తెలిసింది. ఇప్పుడు ఆ మూల కాళ్ళు కాచుకునే చిన్న చెక్క పెట్టె మాత్రం ఉంది. గోడ ఖాళీ అయింది కాబట్టే వెలుతురు దానిమీద మెల్లగా పాకడం మనకు కనబడుతోంది. కెమెరా తన ఎదుట ఉన్నదాన్నంతా పట్టుకుంటుంది. ఈ గోడ, ఎదుట ఉన్నదాన్ని తీసేయడం వల్ల వచ్చింది. ఈ వాదాన్ని అతని చిత్రాలన్నిటికీ ఒకేలా అంటగట్టకూడదని కూడా ఒప్పుకోవాలి. జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉన్న 'కిటికీ దగ్గర ఉత్తరం చదువుతున్న అమ్మాయి' చిత్రంలోని ఖాళీ గోడను చూసి తరతరాలుగా అందరం మురిసిపోయాం. ఆ గోడమీద మన్మథుడి పటం ఉండేదని, వెర్మీర్ పోయాక వేరెవరో దాన్ని రంగుతో కప్పేశారని పరీక్షల్లో రుజువైంది. శుభ్రం చేసి 2021లో ఆ చిత్రాన్ని మన్మథుడితో సహా ప్రదర్శించారు. నాకు పాత ఖాళీ గోడే ఇష్టంగా ఉండేది. కానీ అది అతని నిర్ణయం కాదని తెలిశాక నా ఇష్టానికి విలువ లేదు. ఏ గోడ ఎవరు ఖాళీ చేశారో, ఏ అంచు ఎవరు కోశారో తెలుసుకోవడం ఇందుకే ముఖ్యం.

'కథ లేదు' అన్న మాటకు సమాధానం ఆ బొమ్మలు పుట్టిన పరిస్థితుల్లో ఉంది. స్పెయిన్ రాజుతో ఎనభై ఏళ్ళు పోరాడి 1648లో స్వతంత్ర దేశంగా గుర్తింపు పొందిన డచ్చి గణతంత్రంలో, ప్రొటెస్టంట్ చర్చిలు గోడలకు సున్నం కొట్టి పటాలు తీసేశాయి. పీఠాల వెనక సాధువుల బొమ్మలు వేయించే గిరాకీ పోయింది. చిత్రకారులు ఇళ్ళకోసం, ఇళ్ళలో ఉండేవాళ్ళకోసం గీయసాగారు. సారా వ్యాపారులూ రొట్టెలు కాల్చేవాళ్ళూ కొనుక్కున్నారు. 1663లో డెల్ఫ్ట్ వచ్చిన ఒక ఫ్రెంచి యాత్రికుడు, వెర్మీర్ ఇంట్లో చూపడానికి బొమ్మలేవీ లేకపోతే ఒక రొట్టెల వ్యాపారి ఇంటికి వెళ్ళి, ఒకే ఒక్క మనిషి ఉన్న చిత్రానికి 600 లివ్రులు (నాటి ఫ్రెంచి డబ్బు) ఇచ్చారని విని, అంత ధర దండగని తన దినచర్యలో రాసుకున్నాడు. సాధువుల స్థానంలోకి ఇంటిపని వచ్చి నిలబడటమే ఈ బొమ్మల కథ. అంతకు ముందు తరాల చిత్రకారులు మేరీమాత వస్త్రానికి దాచుకొని వాడిన నీలం, ఆఫ్ఘనిస్తాన్‌లోని బదఖ్షాన్ గనుల్లో దొరికే లాపిస్ లాజులి రాయిని నూరి చేసిన నీలం, వెర్మీర్ చిత్రంలో పాలు పోస్తున్న పనిమనిషి నడుముకు కట్టుకున్న గుడ్డకు ఎక్కింది. ఎండిపోయిన రొట్టె పారేయకుండా పాలలో నానబెట్టి వండుతోందని కొందరు పండితులు ఆ బల్లమీది వస్తువులను బట్టి చెబుతారు. ఆ మాట నిజమైనా కాకపోయినా, సన్నటి పాలధార తెగకుండా ఆమె కూజాను పట్టుకున్న తీరులో రోజూ చేసే పని తాలూకు నేర్పు కనిపిస్తుంది. పాత్రలోకి ఎంత పడిందో చూస్తున్న ఆ దించిన కళ్ళు, వంటింట్లో బతికిన ఏ స్త్రీకి తెలియవు?

ఆ రొట్టెకు ఇంకొక బరువు కూడా ఉంది. 1672లో ఫ్రాన్సు దండెత్తడంతో బొమ్మలు కొనేవాళ్ళు లేకుండా పోయారు. 1675 డిసెంబరులో, 43 ఏళ్ళ వయసులో, పదకొండు మంది పిల్లలను వదిలి వెర్మీర్ చనిపోయాడు. ఒకటిన్నర రోజులో ఆరోగ్యంగా ఉన్న మనిషి మరణించిన మనిషి అయ్యాడని అతని భార్య కథరీనా తర్వాత అధికారులకు చెప్పుకుంది. రొట్టెల బాకీ 617 గిల్డర్లు (నాటి డచ్చి డబ్బు) ఉంటే, దానికి బదులుగా ఆమె భర్త గీసిన రెండు చిత్రాలను రొట్టెల వ్యాపారికి అప్పగించింది, బాకీ తీర్చితే తిరిగి తీసుకునే షరతుతో. అంతమంది పిల్లలున్న ఇంట్లో బతికిన వెర్మీర్ గీసిన గదుల్లో ఒక్క పసివాడు లేడు, ఒక్క ఊయల లేదు. పిల్లలు ఆడుకుంటూ కనిపించేది రైక్స్ మ్యూజియంలోని 'చిన్న వీధి' చిత్రంలో, ఇంటి ముందు వంగి ఉన్న ఇద్దరే. 2015లో ఒక పండితుడు పాత పన్ను రికార్డులు వెతికి, ఆ ఇల్లు డెల్ఫ్ట్‌లోని వ్లామింగ్‌స్ట్రాట్‌లో ఉండేదని, అందులో వెర్మీర్ మేనత్త పశువుల బోటి అమ్మి పిల్లలను పోషించుకుందని చెప్పాడు. ఇన్ని బతుకులు ఆనుకొని ఉన్న వెలుతురును కథ లేనిదని అనడానికి నా మనసు ఒప్పుకోదు.

గృహచిత్రాలంటే మగవాళ్ళు గీసిన ఆడవాళ్ళ బొమ్మలేనన్న అభిప్రాయం కూడా వ్యాసం వల్ల కలుగుతుంది కనుక యూడిత్ లైస్టర్ పేరు చెప్పాలి. హార్లెమ్ పట్టణంలో 1633లో చిత్రకారుల సంఘంలో సభ్యురాలైన ఈమె, 1631లో వేసిన చిన్న చిత్రం ఒకటి హేగ్‌లోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉంది. రాత్రివేళ దీపం ముందు ఒక అమ్మాయి కుట్టుకుంటోంది. ఆమె భుజంమీద చెయ్యి వేసి ఒక మగవాడు అరచేతిలో నాణేలు చూపిస్తున్నాడు. ఆమె తల ఎత్తలేదు. దీపం ముఖంమీద, కుట్టుమీద మాత్రం పడుతోంది. వెనక గోడమీద అతని నీడ పెద్దదై నిలిచింది. ఆ వెలుతురు ఆమె పనికి కాపలా కాస్తున్నట్టుంటుంది. ఆమె చనిపోయాక రెండు వందల ఏళ్ళకు పైగా ఆమె బొమ్మలు అదే ఊరి ప్రసిద్ధ చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ తదితరుల పేర్లమీద చెలామణీ అయ్యాయి. 1893లో ఒక చిత్రం మీద ఆమె సంతకంగా వేసుకున్న నక్షత్రం గుర్తును పోల్చుకున్నాకే పేరు తిరిగి వచ్చింది.

ఈ ఉత్తరం బందరు నుంచి రాస్తున్నాను. మా ఊళ్ళో వలందపాలెం ఉంది. వలందులంటే హాలండు వాళ్ళే. వారి ఈస్టిండియా కంపెనీ 1606 నాటికి ఇక్కడ వర్తకశాల పెట్టుకుంది, ఆ కంపెనీని నడిపిన ఆరు శాఖల్లో డెల్ఫ్ట్ శాఖ ఒకటి. మన తీరపు అద్దకం బట్టలు ఆ దేశపు ఇళ్ళకు చేరాయి. వాటిని నేటికీ వాళ్ళు 'సిట్స్' అంటారు. అదే కాలంలో అదే కంపెనీ కోరమండల్ తీరం నుంచి మనుషులను బానిసలుగా ఓడల్లో బటావియాకు (నేటి జకార్తాకు) తరలించింది. ఆ గదుల్లోకి గాజునూ పటాలనూ తెచ్చిన సంపదలో ఇది కూడా ఉందన్న సంగతి, మా ఊరి డచ్చి సమాధుల పక్కగా నడిచినప్పుడల్లా నాకు గుర్తొస్తుంది. అయినా ఈ సంబంధాన్ని సాగదీసి పాలు పోస్తున్న స్త్రీ ఒంటిమీద మన కలంకారీని వెతకడం సరికాదు. ఆమె కట్టుకున్నది ముతక బట్ట, ఆమె నిలబడింది డెల్ఫ్ట్ వెలుతురులో.

మిమ్మల్ని కోరేది ఒక్కటే. రైక్స్ మ్యూజియం తన దగ్గరున్న ఈ చిత్రాలను స్పష్టమైన పెద్ద ప్రతులుగా ఎవరైనా ఉచితంగా తీసుకొని వాడుకునేలా తన వెబ్‌సైటులో ఉంచింది. అనుమతికీ రుసుముకూ ఇబ్బంది లేదు. దయచేసి ఆ చిత్రాన్ని మరొక ఆదివారం పూర్తిగా, నాలుగు అంచులతో, కొలతలూ ప్రస్తుతం ఉన్న చోటూ కింద రాసి ముద్రించండి. చోటు చాలకపోతే బొమ్మను చిన్నది చేయండి, పక్కనున్న వ్యాసాన్ని తగ్గించండి, అవసరమైతే నా ఈ ఉత్తరాన్ని ఎంతైనా కుదించండి. ఎడమవైపు పగిలిన గాజు పలకతో సహా ఆ కిటికీని మాత్రం ఉంచండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విశ్రాంత డ్రాయింగు ఉపాధ్యాయిని,
మచిలీపట్నం.